ఒకే ‘9’కి రెండు అర్థాలు: షుగర్, థైరాయిడ్ కోడ్‌లపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అమ్మగారికి చాలా ఏళ్లుగా టైప్-2 షుగర్ ఉంది. గతంలో ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తొలగించారు. షుగర్ వల్ల కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని కూడా డాక్టరుగారు చెప్పారు. ఇటీవల జ్వరంతో ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ఇ11.9, ఇ03.9 అని రాశారు. ఇవి సరైనవేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ-10లో నాలుగో అధ్యాయం హార్మోన్ గ్రంథుల, పోషణ, జీవక్రియ సంబంధ వ్యాధులది, అందులోని కోడ్‌లన్నీ ‘ఇ’తో మొదలవుతాయి. ఇ11 అంటే టైప్-2 మధుమేహం, ఇ03 అంటే హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ లోపం. చిక్కంతా చుక్క తరువాతి 9తోనే వస్తుంది. ఇ03.9లో ఆ అంకె థైరాయిడ్ లోపానికి కారణం ఫలానా అని పేర్కొనలేదని మాత్రమే చెబుతుంది. ఇ11.9లో మాత్రం అది షుగర్ వల్ల ఏ అవయవమూ దెబ్బతినలేదని స్పష్టంగా ప్రకటిస్తుంది. కిడ్నీలు దెబ్బతింటే 2, కళ్లు దెబ్బతింటే 3, నరాలు దెబ్బతింటే 4 రావాలి. కాబట్టి మీరు రాసిన వివరాల ప్రకారం మొదటి కోడ్ అసలు పరిస్థితికి విరుద్ధంగా ఉంది, అక్కడ ఇ11.2 ఉండవలసింది. రెండోది తప్పనలేము గానీ, అసంపూర్ణం. గ్రంథిని తొలగించడం వల్ల వచ్చిన లోపానికి ఇ89.0 అనే ప్రత్యేక కోడ్ ఉంది.

అయితే దీనికి కోడ్ వేసిన ఉద్యోగినే తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది. కిడ్నీల పనితీరును తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత ఎక్కువగా కనిపించినా, రిపోర్టు చూసి వ్యాధిని నిర్ధారించే అధికారం కోడర్‌కు లేదు. డాక్టరు కేస్ షీటులో రాసినదానికే కోడ్ వేయాలి. జ్వరానికి చేర్చుకున్న డాక్టరు పాత జబ్బుల వివరాలను ‘షుగర్, థైరాయిడ్’ అని రెండు మాటల్లో ముగించడం మన ఆసుపత్రుల్లో మామూలే. ముందుగా సమ్మరీ చదవండి. కిడ్నీ సమస్య, థైరాయిడ్ ఆపరేషన్ అందులో ఉంటే మెడికల్ రికార్డ్స్ విభాగాన్ని కోడ్‌లు సవరించమని అడగండి. లేకపోతే వాటిని చేర్చమని డాక్టరుగారినే కోరండి. ఈ కోడ్‌లను చూసి మందులు మాత్రం మార్చవద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడింగ్ నేర్చుకుంటున్నాను. డాక్టరు ‘డయాబెటిస్’ అని మాత్రమే రాసి, రోగి ఇన్సులిన్ వాడుతుంటే, టైప్-1 కోడ్ అయిన ఇ10 వేయవచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: వేయకూడదు. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న ఐసీడీ-10-సీఎం (ఐసీడీ-10కు అమెరికా రూపం) నియమాల ప్రకారం, రకం పేర్కొనకపోతే ఇ11 వర్గాన్నే తీసుకోవాలి. దీర్ఘకాలంగా ఇన్సులిన్ వాడుతున్నందుకు జెడ్79.4 చేర్చాలి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు షుగర్ అదుపులోకి రావడానికి తాత్కాలికంగా ఇచ్చిన ఇన్సులిన్‌కు అది వర్తించదు. పై ప్రశ్నతో ముడిపడిన మరో తేడా కూడా గమనించండి: షుగరు, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రెండూ రికార్డులో ఉండి, వాటికి సంబంధం లేదని డాక్టరు రాయనంతవరకు, ఆ నియమాలు సంబంధం ఉన్నట్లే భావిస్తాయి. అప్పుడు ఇ11.22 వేసి, కిడ్నీ వ్యాధి ఏ దశలో ఉందో తెలిపే ఎన్18 కోడ్‌ను దాని తరువాత చేర్చాలి.