ఆటలమ్మ పోస్తే పదిమందినీ పంపేయాలా?

భీమవరం దగ్గర మీ రొయ్యల ప్లాంటులో ఒకమ్మాయికి ఆటలమ్మ పోసిందని, ఆమెతో ఆటోలో వచ్చేవాళ్లందర్నీ జీతం లేకుండా ఇంటికి పంపమని ఓనరు గారు అంటున్నారని రాశారు. అంత టెన్షన్ అక్కర్లేదండీ.

ఆ అమ్మాయిని మాత్రం పంపాల్సిందే. తినే సరుకు ముట్టుకునే చోట అంటురోగం ఉన్నవాళ్లని పెట్టకూడదని ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లోనే ఉంది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుకుంటుంది, మామూలుగా ఓ వారం. వేపాకు నీళ్లు పోసేశాం, వచ్చేస్తామంటారు. నీళ్లు కాదు, చెక్కులు చూడండి.

మిగతావాళ్లలో చిన్నప్పుడు పోసినవాళ్లకి మళ్లీ రావడం అరుదు. పోయనివాళ్లని 21 రోజులపాటు జ్వరం, పొక్కులు వస్తాయేమో గమనించుకోమనండి. వాళ్లలో గర్భిణులుంటే ఇవాళే డాక్టరుకి చూపించాలి. ఈ మాట రొయ్యలు వలిచే బల్ల దగ్గర అందరి ముందూ అడక్కండి, విడిగా పిలిచి అడగండి.

అసలు గొడవ జీతం దగ్గరే. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కడుతుంటే, ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకి చందా పడి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద 70 శాతం వేతనం వస్తుంది. కానీ కాంట్రాక్టరు కింద కిలో లెక్కన వలిచేవాళ్ల పేర్లు చాలాచోట్ల రిజిస్టర్లోనే ఉండవు. మీ దగ్గరా అంతేనా? అలాగైతే ఆ వారం కూలి ఓనరే ఇవ్వాలంటాను. ఇవ్వకపోతే రేపు ఇంకొకామె చేతుల మీద పొక్కులు కనబడకుండా గ్లవ్స్ పైకి లాక్కుని వచ్చేస్తుంది.

వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి పేరు పెట్టి ఉంటే ముందు అది తీసేయించండి.