హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? – కొత్తగా సైన్సు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "భారత పలక ఆసియాను ఢీకొట్టడంతో హిమాలయాలు ఏర్పడ్డాయి" అన్నది తప్పేమీ కాదు. (పలకంటే భూమి పైనున్న గట్టి రాతి పొరలో ఒక పెద్ద ముక్క అని ఒక్క మాట చెప్పు.) కానీ "ఢీ" అనగానే చదివేవాడికి లారీ యాక్సిడెంటు గుర్తొస్తుంది, ఎప్పుడో ఒక్క క్షణంలో అయిపోయిన పని అనుకుంటాడు. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం మొదలైన ఆ నెట్టుడు ఇవాళ్టికీ ఆగలేదు. "నెట్టుకుంటూ పోతోంది" అని రాయి. అన్నట్టు, నువ్వు 50 కోట్లని వేశావు. 10 లక్షలు ఒక మిలియన్, కాబట్టి 50 మిలియన్లంటే 5 కోట్లే. మనవాళ్ల సైన్సు వ్యాసాల్లో ఎక్కువగా జారేది ఇక్కడే.

మన పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. అందులో 2 సెంటీమీటర్ల దాకా హిమాలయాల దగ్గరే ఇమిడిపోతుంది. ఇది అడ్డంగా జరిగే లెక్క, ఎత్తు లెక్క కాదు. ఎవరెస్టు ఏటా 2 సెంటీమీటర్లు పెరుగుతోందన్న వాక్యం కొట్టెయ్. ఎత్తు మిల్లీమీటర్లలో మారుతుంది, ఆ పెరిగినదాన్ని కూడా మంచూ నదులూ కోసుకుపోతుంటాయి. పైగా ఆ జరగడం సాఫీగా సాగదు. రాళ్లు ఏళ్ల తరబడి బిగదీసుకుని ఉండి, ఒక్కసారిగా జారతాయి. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంలో జరిగింది అదే.

ఎవరెస్టు కొసన ఉన్నది సున్నపురాయి, అందులో సముద్రజీవుల శిలాజాలున్నాయి. దీన్ని మూడో పేజీలో దాచావెందుకు? మొదటి పేరాలోకి తీసుకురా.

ఇక అసలు చిక్కు. "కింద లావా సముద్రం మీద పలకలు పడవల్లా తేలుతున్నాయి" అన్నావు. పలకల కిందున్న పొర, అదే భూప్రావారం (మాంటిల్), ద్రవం కాదయ్యా, గట్టి రాయే. బాగా వేడెక్కి ఉంది గనక లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది, అంతే. ఈ పొరపాటుతో మొదలుపెడితే అగ్నిపర్వతం ఎక్కడైనా రావచ్చుగా అనిపిస్తుంది. కరగడానికి ఒక కారణం కావాలి. ప్రతి చోటా "ఇక్కడ రాయి ఎందుకు కరిగింది?" అని అడుగు.

అండమాన్‌లోని బారెన్ ద్వీపం తీసుకో. అక్కడ మన పలక అంచున ఉన్న సముద్రపు అడుగు బర్మా పలక కిందికి దిగుతోంది. దానితోపాటు ఖనిజాల్లో ఇరుక్కున్న నీరూ దిగుతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు బయటపడి, పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది. కుల్ఫీ బండివాడు ఐసు మీద ఉప్పు చల్లితే ఐసు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది కదా, నీరు తగిలిన రాయీ అంతే. వేడి పెరగక్కర్లేదు. అలా పుట్టిన శిలాద్రవం పైకొచ్చి, సముద్రపు అడుగు నుంచి 2 కిలోమీటర్లకు పైగా కొండ పేర్చింది. మనకు నీటి పైన కనిపించేది 350 మీటర్ల చిల్లరే. ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

హిమాలయాల దగ్గర రెండు వైపులా ఉన్నవి తేలికైన ఖండాలు. తడి సముద్రపు అడుగు ఎప్పుడో దిగిపోయింది. ఖండం అంత తేలిగ్గా మునగదు, ముడుతలు పడి ఒకదాని కిందికి ఒకటి దూరి మందమవుతుంది. కొండలున్నాయి, అగ్నిపర్వతాలు లేవు.

హవాయిని మాత్రం ఈ లెక్కలో కలపకు. అది పసిఫిక్ పలక మధ్యలో ఉంది, అక్కడ కరిగించేది నీరు కాదు. లోతు నుంచి లేచిన వేడి రాతి మీద పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, దాంతో కరుగుతుంది. పలక వాయవ్యానికి జరుగుతుంటుంది గనక ఆ దిక్కున దీవుల వయసు పెరుగుతూ పోతుంది: పెద్ద దీవికి 10 లక్షల ఏళ్లు కూడా లేవు, కవాయీకి సుమారు 50 లక్షలు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే తూర్పు కనుమల జోలికి వెళ్లకు, వాటి కథ చాలా పాతది, వేరేది. రాజమండ్రి దగ్గరి కాతేరు, పంగిడి వైపు చూడు. దక్కన్ పీఠభూమి మీద లావా పారిన కాలంనాటి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయి అక్కడుంది. రెండు లావా పొరల మధ్య సముద్రజీవుల శిలాజాలున్న సున్నపురాయి కనిపిస్తుంది.

చివరగా నీ బొమ్మ. దాంట్లో ఎవరెస్టు పలకంత మందం ఉంది. కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ గియ్యి. పలక 10 సెంటీమీటర్లు, దాని పైభాగంలో ఖండపు భూపటలం మూడున్నర సెంటీమీటర్లు, టిబెట్ కింద 7, సముద్రం కిందైతే 7 మిల్లీమీటర్లు. ఎవరెస్టు 9 మిల్లీమీటర్లు. బారెన్ ద్వీపానికి పెన్సిల్ మొన ఆనిస్తే చాలు, దాని కింద 10 సెంటీమీటర్ల దగ్గర దిగుతున్న పలకను వాలుగా గీసి పంపు.

మీ అన్నయ్య