పాదం ఆపరేషన్‌కి కాలికి మాత్రమే మత్తు చాలా? నా అనుభవం

"పాదానికి చిన్న ఆపరేషన్ ఉంది. వెన్నులో సూది లేకుండా కాలికే మత్తిచ్చి సాయంత్రం పంపేస్తామంటున్నారు, నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మండి. భయపడాల్సింది మత్తు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

మాది పర్లాకిమిడి. బండి మీంచి పడ్డప్పుడు పాదంలో వేసిన స్క్రూ తీయించుకోవడానికి పాతపట్నం దాటి ఆంధ్రాలోకి వెళ్లాను. మా ఊళ్లో వైద్యం లేక కాదు. 1936లో ఒడిశాలో కలిశాం, అయినా ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నానని ఒడియా కాగితం మీద సంతకమంటే నాకు ఇప్పటికీ చెయ్యాడదు. తీరా అక్కడ ఇంగ్లిషు కాగితం ఇచ్చారు! తెలుగు డాక్టర్లు తెలుగులో నాలుగు ముక్కలు అచ్చు వేయించలేరా?

మత్తు డాక్టరు చీలమండ చుట్టూ సూదులు పొడిచారు. పాదానికి వెళ్లే నరాలు అయిదట, అన్నింటినీ నిద్రపుచ్చాలట. పొడిచేటప్పుడు మంట పుట్టింది, అబద్ధమెందుకు. కాసేపటికి పాదం ఉందో లేదో తెలియలేదు. స్క్రూ ట్రేలో టంగుమని పడడం మాత్రం చక్కగా వినబడింది.

సాయంత్రానికి ఇంట్లో మంచం మీద దర్జాగా కూర్చున్నాను. మనవడొచ్చి కట్టు మీదే కూర్చున్నాడు. నాకు తెలిస్తేగా! "ఏటండీ, కాలు నలిగిపోతంది!" అని మా ఆవిడ కేకేస్తే చూసుకున్నాను.

రాత్రి రెండింటికి వేళ్లలో చీమలు పాకినట్టయింది. తర్వాత ఒక్కసారిగా సుత్తితో కొట్టినట్టు నొప్పి. చీటీలో మాత్రలు "నొప్పి వస్తే" అని రాశారు. రాలేదు కదా అని నేను వేసుకోలేదు. అప్పుడు మింగితే అవి పనిచేసేదాకా గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. కట్టు మార్పించుకోడానికి వెళ్లి అడిగితే, "మత్తు దిగకముందే వేసుకోవాలండీ" అన్నారు తాపీగా. ఆ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

అందుకే మత్తు ఎంతసేపు ఉంటుందో ముందే అడగండి. లిగ్నోకైన్ అనే మత్తుమందైతే గంటా రెండు గంటల్లో దిగిపోతుంది, బ్యుపివకైన్ అయితే రాత్రిదాకా లాగుతుంది. మొదటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాయించుకోండి. షుగరుండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే దాచకండి. స్పర్శ వచ్చేదాకా ఆ కాలు మోపొద్దు, వేడినీళ్ల కాపడం అసలొద్దు.

వెన్నుసూది సంగతంటారా, మా పక్కింటాయన దాని తర్వాత నాలుగు రోజులు లేచి కూర్చుంటే చాలు తల పగిలిపోతోందన్నాడు. అందరికీ అలా అవదట. అయినా నా ఓటు చీలమండకే.

ఇంట్లో మనవలుంటే మాత్రం ఆ కాలు గోడవైపు పెట్టుకుని పడుకోండి.