రెండో డ్రైవరుని పెట్టుకోవాలా, అబ్బాయిని బండి ఎక్కించాలా?

కైకలూరు నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకి రెండు లారీలు. పాత బండికి అప్పు తీరిపోయింది, తొమ్మిదేళ్లుగా ఒకే డ్రైవరు నడుపుతున్నాడు. ఇల్లు దాని మీదే గడుస్తోంది. పోయిన ఏడాది ఫైనాన్స్ మీద కొన్న పది టైర్ల బండిని ఆయనే నడుపుతూ హౌరాకి చేపల లోడు వేస్తున్నారు. వయసు 49, షుగరు ఉంది. ఇంకో డ్రైవరుని పెడదామంటే నెలకి 22 వేలు జీతం, ట్రిప్పుకి 1,500 బత్తా అడుగుతున్నారట. “మావాడు బీకాం ఆఖరి సంవత్సరం. వాడినే పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ జీతం మిగులుతుంది కదా” అని అడిగారు.

నమస్కారం అండీ. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “బాలేశ్వర్ దాటాక కళ్లు మూతలు పడుతుంటే స్టీరింగ్ క్లీనరుకిచ్చి ఓ గంట పడుకుంటాను” అని మామూలు మాటలా రాసేశారు. జీతాలూ బాబు చదువూ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది ఆపేయండి.

క్లీనరుకి లైట్ లైసెన్సు ఉంది కాబట్టి పర్వాలేదని ఎవరో చెప్పారన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని చాలామంది ఇలాగే అర్థం చేసుకున్నారు. లైట్ లైసెన్సుతో నడపొచ్చని కోర్టు చెప్పింది లోడుతో కలిపి 7,500 కిలోల లోపు బరువుండే రవాణా బళ్ల గురించి. మీ పది టైర్ల బండి అందులోకి రాదు. ఆ గంటలో ఏదైనా జరిగితే కేసు క్లీనరుతో ఆగదు, లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చినందుకు ఓనరు మీదికీ వస్తుంది. ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకి డబ్బు కట్టినా దాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇరవయ్యేళ్ల మీ కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. ఆ క్లీనరు కుర్రాడి బతుకు సంగతి సరేసరి.

మా పెదనాన్నకి లారీ ఉండేది. నిద్ర రాకుండా తడి తువ్వాలు మెడకి చుట్టుకుని నడిపేవాడు. తువ్వాలు ఆరిపోయాక ఏం చేస్తావని చిన్నప్పుడు అడిగితే నవ్వేవాడు. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే నాకు నిజంగా భయమేసింది. చట్టం ప్రకారం డ్రైవరు పని గంటలు రోజుకి ఎనిమిదే. ఐసు కరిగేలోపు సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు వెళ్లాల్సిన లోడుని ఒక్క మనిషి లాగడం కుదరని పని. కాబట్టి రెండో డ్రైవరు కావాలి. ఇక తేల్చుకోవాల్సింది ఎలాంటి డ్రైవరు, ఎంతకాలం అన్నదే.

మీరు రాసిన అంకెలే వేసి చూశాను. డీజిలు, టోలు, దారి ఖర్చులు పోను ట్రిప్పుకి 26 వేలు మిగులుతోంది. నెలకి మూడు ట్రిప్పులు, అంటే 78 వేలు. కిస్తీ 48 వేలు. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల (ఎఫ్‌సీ) కోసం పక్కన పెట్టేది 12 వేలు. చేతికి 18 వేలు వస్తోంది. దాన్ని మీరు లాభం అని రాశారు. అది లాభం కాదండీ, మీరు స్టీరింగ్ పట్టుకున్నందుకు వచ్చిన జీతం. అది కూడా బయటి డ్రైవరు బత్తా కాక అడుగుతున్న జీతం కంటే నాలుగు వేలు తక్కువ. సొంత బండి నడుపుకునే చాలామంది తమ కష్టానికి సున్నా వేసుకుని లెక్క చూస్తారు. మీరూ అదే చేశారు.

పర్మినెంటు డ్రైవరుని పెడితే మూడు ట్రిప్పుల నెలలో జీతం, బత్తా కలిపి 26,500. అంటే నెలకి 8,500 చేతినుంచి పెట్టుకోవాలి. నాలుగు ట్రిప్పులు తిరిగితే 16 వేలు మిగులుతుంది. అదే ట్రిప్పుకి 5 వేలిచ్చి యాక్టింగ్ డ్రైవరుని, అంటే ఆ ట్రిప్పు వరకే వచ్చే డ్రైవరుని, తీసుకెళ్తే మూడు ట్రిప్పులకి 3 వేలు, నాలుగు ట్రిప్పులకి 24 వేలు మిగులుతుంది. యాక్టింగ్ డ్రైవరు సమయానికి దొరకడని, బండిని సొంత బండిలా చూసుకోడని అంటారు, నిజమే. అయినా కొన్ని నెలల వరకు మీకు అదే దారి.

మీ లెక్కంతా నాలుగో ట్రిప్పు మీద నిలబడి ఉంది. అది ఎందుకు తప్పిపోతోందో ముందు తెలుసుకోండి. క్యాబిన్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, బండి నిలబడిన ప్రతి రోజూ తేదీ పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి: లోడు లేక, డ్రైవరు లేక, రిపేరు. రెండు నెలలు చాలు. హౌరాలో రిటర్న్ లోడు కోసం పడుకున్న రోజులే ఎక్కువుంటే, ఎంతమంది డ్రైవర్లని పెట్టినా ట్రిప్పులు పెరగవు. అక్కడ బంగాళదుంపలో గోనె సంచులో ఎక్కించే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మీరు అలిసిపోయి ఇంటి దగ్గర పడుకున్న రోజులే ఎక్కువుంటే రెండో మనిషితో నాలుగో ట్రిప్పు పడుతుంది. రెండూ కుదరకపోతే హౌరా మానేసి, పగలు నడిపి రాత్రి ఆపుకోగలిగే దగ్గరి లోడ్లు చూసుకోండి. కిరాయి తగ్గినా ఆరోగ్యం నిలబడుతుంది.

ఇక మీ క్లీనరు. 22 ఏళ్లు, లైట్ లైసెన్సు వచ్చి రెండేళ్లయిందన్నారు. రవాణా బండి నడపడానికి 20 ఏళ్లు నిండాలి, లైట్ లైసెన్సు తీసుకుని కనీసం ఏడాది గడవాలి. అతనికి రెండూ ఉన్నాయి. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో చేర్పించి, ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీయించి, భారీ బళ్లకి ఇచ్చే హెవీ లైసెన్సు టెస్టుకి పంపండి. ఫీజు మీరే కట్టండి. నాలుగేళ్లుగా మీ బండి టైర్ల గాలి, తాడు బిగింపు, ఐసు లెక్క అన్నీ తెలిసిన కుర్రాడు. లైసెన్సు రాగానే హౌరా లోడు ఇవ్వకండి. ముందు పగటి ట్రిప్పుల్లో మీరు పక్కన కూర్చుని నడిపించండి. డ్రైవరయ్యాక క్లీనరు జీతమే ఇస్తానంటే మాత్రం మరో ఓనరు దగ్గరికి వెళ్లిపోతాడు, అందులో అతని తప్పేమీ ఉండదు.

యాక్టింగ్ డ్రైవరైనా సరే, లైసెన్సు నంబరు తీసుకుని రవాణా శాఖ సారథి వెబ్‌సైట్‌లో చూడండి. హెవీ ఉందా, గడువుందా అన్నది అక్కడే తెలుస్తుంది. పాత ఓనరుకి ఫోన్ చేయండి. మీ పాలసీ ఇద్దరు డ్రైవర్లకీ క్లీనరుకీ వర్తిస్తుందో లేదో ఏజెంటుని అడిగి, కాగితం మీద చూసుకోండి.

బాబు సంగతికొద్దాం. అతనికి ఏ లైసెన్సూ లేదు. ఈరోజు మొదలుపెట్టినా ముందు లైట్ లైసెన్సు, ఆపైన ఏడాది, ఆ తర్వాతే హెవీ. కాబట్టి ఇప్పటి మీ ఇబ్బందికి అతను ఎలాగూ పరిష్కారం కాడు. ఆఖరి సంవత్సరం పూర్తి చేయనివ్వండి. డ్రైవరు పని తక్కువదని కాదు, నా దృష్టిలో అది నైపుణ్యమున్న ఉద్యోగం. తనకి ఇష్టమైతే డిగ్రీ అయ్యాక నేర్చుకుంటాడు. “జీతం మిగులుతుంది” అని కొడుకుని ఎక్కించడం మాత్రం వద్దు, ఆ మిగులు అతని చదువు నుంచి తీసినదే అవుతుంది.

బండ్ల మీద ఆసక్తి ఉంటే బీకాం కుర్రాడికి ఈ రంగంలో చాలా పనుంది. ఐసెట్ రాసి లాజిస్టిక్స్‌లో ఎంబీఏ చేయొచ్చు. విశాఖ పోర్టు చుట్టూ గోడౌన్లు, కంటైనర్ యార్డులు ఉన్నాయి, లెక్క తెలిసినవాళ్లు అక్కడ కావాలి. సెలవుల్లో మీ దగ్గరే మొదలుపెట్టించండి. ఏ ఆఫీసు నుంచి కిరాయి బ్యాలెన్సు ఎన్ని రోజులకి వస్తోంది, లీటరుకి మైలేజీ ఎంత, ఏ నెలలో చేపల లోడు తగ్గుతోంది అన్నవి ఒక ఎక్సెల్ షీట్‌లో వేయమనండి. మీ నోటుబుక్కు అతని చేతికే ఇవ్వండి. నాలుగో ట్రిప్పు దొరుకుతుందో లేదో మీకంటే ముందు అతనే చెప్తాడు.

రేపు రాత్రి లోడు ఉందని రాశారు. యాక్టింగ్ డ్రైవరు దొరకకపోతే ఆ లోడు వదిలేయండి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లకి కోపం వస్తుంది, రానివ్వండి. క్లీనరుతో కూడా ఈరోజే చెప్పండి, హెవీ లైసెన్సు వచ్చేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని. ఆ లైసెన్సు ఖర్చు మీదేనని కూడా అప్పుడే చెప్పేయండి.