మినిమం కట్టినా బాకీ ఎందుకు పెరుగుతోంది?

ఈ సంచికకు క్రెడిట్ కార్డుల గురించి వచ్చిన లేఖల్లో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. కోరిన మేరకు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలిని. మా అమ్మాయి చదువు కోసం జూన్ 10న 40,000 రూపాయల లాప్‌టాప్‌ను క్రెడిట్ కార్డు మీద కొన్నాను. జూలై 5న బిల్లు వచ్చింది. ‘మినిమం అమౌంట్ డ్యూ’ (కనీసం కట్టాల్సిన సొమ్ము) అని చూపించిన 2,000 రూపాయలను చివరి తేదీ అయిన జూలై 25నే కట్టేశాను. ఆ తర్వాత కార్డు వాడనే లేదు. అయినా ఆగస్టు 5 నాటి బిల్లులో బాకీ 40,889 రూపాయలు అని ఉంది. కట్టిన తర్వాత అప్పు పెరగడం ఏమిటి? ఇంతంత వడ్డీలకు చట్టంలో అడ్డే లేదా? బ్యాంకులో నాకు 60,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది గానీ దాన్ని కదిలించడం ఇష్టం లేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ బిల్లు లెక్క తప్పలేదు. కార్డు అమ్మేటప్పుడు గొప్పగా చెప్పే ‘యాభై రోజుల వరకు వడ్డీ లేదు’ అన్న సౌకర్యం బిల్లు మొత్తాన్ని గడువులోగా తీర్చినవారికి మాత్రమే వర్తిస్తుంది. కొంత మిగిల్చారంటే ఆ సౌకర్యం పోతుంది; పోవడమే కాదు, వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా వస్తువు కొన్న రోజు నుంచి లెక్కగడతారు. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. మీరు కట్టిన 2,000 రూపాయలను మొదటి నుంచీ మినహాయించి, మిగిలిన 38,000 రూపాయలకే లెక్క వేసినా, జూన్ 10 నుంచి ఆగస్టు 5 వరకు 56 రోజులకు వడ్డీ 2,449 రూపాయలు అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 441 రూపాయలు. పైసలు సర్దితే మీ బిల్లులోని 40,889 సరిగ్గా తేలుతుంది. కట్టింది రెండు వేలు, కొత్తగా చేరింది దాదాపు రెండు వేల తొమ్మిది వందలు.

మన ఊళ్లలో నోటు రాసి అప్పు తెచ్చుకునేవారు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. మీ కార్డు వడ్డీ అదే లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు. జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పైమాటే. బ్యాంకు గుమ్మంలో ‘రూపాయల వడ్డీ’ అన్న మాట ఎవరూ పలకరు కాబట్టి మనకు ఆ బరువు తెలియడం లేదు. మినిమం కట్టడం వల్ల ఆలస్య రుసుము పడదు, మన అప్పుల చరిత్రను చూపే సిబిల్ నివేదికలో బకాయి మచ్చ పడదు. అంతకుమించి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డుతో కొనే సరుకులకూ, కట్టే కరెంటు బిల్లుకూ ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది కనుక, కార్డును వాడకుండా పక్కన పెట్టి మీరు మంచి పనే చేశారు.

ఇక చట్టం సంగతి. ఏటా 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది గానీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కాబట్టి 42 శాతం వడ్డీ మీద కోర్టుకు వెళ్లి గెలుస్తామన్న ఆశ ఇప్పుడు పెట్టుకోనక్కర్లేదు. అయితే ఆలస్య రుసుము విషయంలో రిజర్వ్ బ్యాంకు కొంత రక్షణ కల్పించింది. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆ రుసుము వేయాలి. అదీ బిల్లు మొత్తం మీద కాకుండా కట్టకుండా మిగిలిన సొమ్ము మీదనే వేయాలి. జీతం పడే తేదీకీ బిల్లు గడువుకూ పొంతన కుదరనివారు బిల్లు తేదీని మార్చమని కార్డు ఇచ్చిన సంస్థను అడగవచ్చు. ఈ హక్కు ఉందని తెలిసినవారు తక్కువ.

మీకు నా సలహా ఒక్కటే, ఆ డిపాజిట్ తీసి ఈ బాకీ ఈ వారమే తీర్చేయండి. ఏడు శాతం వడ్డీ తెచ్చే సొమ్మును కాపాడుకుంటూ 42 శాతం అప్పును మోయడంలో అర్థం లేదు. ముందుగా తీసినందుకు బ్యాంకు ఒక శాతం కోసుకున్నా మీకే లాభం. డిపాజిట్ లేనివారు బ్యాంకులో బంగారం కుదువపెట్టి తెచ్చినా సాధారణంగా ఏడాదికి పది శాతం అటూ ఇటూగా తెమిలిపోతుంది. బంగారం బ్యాంకు గడప తొక్కడం పరువు తక్కువ అనుకుని కార్డు బాకీని మాత్రం ఏళ్ల తరబడి గుట్టుగా మోసే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి.

ప్రశ్న: ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారని 30,000 రూపాయల ఫోన్‌ను ఆరు వాయిదాల్లో తీసుకున్నాను. నెలకు 5,000 చొప్పున సరిపోవాలి కదా. బిల్లులో ప్రాసెసింగ్ రుసుము అనీ, జీఎస్టీ అనీ అదనంగా ఎందుకు వస్తోంది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వడ్డీ లేని వాయిదా అన్నది నిజానికి ఉండదు. బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని దుకాణదారో తయారీ సంస్థో ముందుగా ధరలో తగ్గిస్తారు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, మీ ఫోన్ ధరలో సుమారు 1,270 రూపాయలు తగ్గించి 28,730 రూపాయలను అప్పుగా రాసి, ఆరు నెలల్లో ఆ 1,270 రూపాయలను వడ్డీగా రాబడతారు. ఇంతవరకు సమానమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 229 రూపాయలు, మీరే భరించాలి. ప్రాసెసింగ్ రుసుము 199 రూపాయలైతే జీఎస్టీతో 235 అవుతుంది. వెరసి 464 రూపాయలు ఎక్కువ. ఒకేసారి చెల్లిస్తే ఇస్తామన్న రాయితీని వదులుకుని ఉంటే అది కూడా ఈ ఖర్చులోనే కలపాలి.

అసలు ఎంత, వడ్డీ ఎంత, రాయితీ ఎంత అన్నది వాయిదాలుగా మార్చే ముందే విడివిడిగా చూపాలనీ, వడ్డీ ఉన్న వాయిదాను వడ్డీ లేనిదిగా చూపి మభ్యపెట్టరాదనీ రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో ఉంది. ఆ వివరం మీకు చూపకుండా వాయిదాలు వేసి ఉంటే ఫిర్యాదు చేయవచ్చు. 464 రూపాయల కోసం ఎవరు చేస్తారన్నది వేరే విషయం.

ప్రశ్న: మా వీధిలో ఒక దుకాణంలో కార్డు గీకితే నూటికి రెండు రూపాయల కమీషన్ పట్టుకుని నగదు చేతికిస్తున్నారు. ఏటీఎంలో తీయడం కంటే ఇది చవక అని స్నేహితులు చెబుతున్నారు. ఒక కార్డు బాకీకి మరో కార్డు గీకి ‘రొటేషన్’ చేసేవారూ ఉన్నారు. ఇందులో తప్పేమైనా ఉందా?
– ఒక చిరు వ్యాపారి, వరంగల్

జవాబు: చవక అన్నంతవరకు మీ స్నేహితుల మాట నిజమే. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో 20,000 రూపాయలు తీసి ఇరవై రోజులకు కట్టారనుకోండి. కనీస రుసుము 500, దానికి జీఎస్టీ 90. నగదుకు వడ్డీ లేని గడువు ఒక్క రోజు కూడా ఉండదు కనుక తీసిన రోజు నుంచి వడ్డీ 460, దాని జీఎస్టీ 83. మొత్తం 1,133 రూపాయలు. దుకాణంలో అయితే 400తో పోతుంది.

అయితే దుకాణంలో జరిగేది సరుకు లేని అమ్మకానికి దొంగ బిల్లు పుట్టించడం. కార్డు షరతులకు అది విరుద్ధం. ఒకే యంత్రంలో ప్రతి నెలా రౌండ్ ఫిగర్ మొత్తాలు పడుతుంటే బ్యాంకు గుర్తించి కార్డు ఆపేయవచ్చు. అప్పుడు మిగిలిన కార్డుల రొటేషన్ మొత్తం ఆ నెలలోనే కుప్పకూలుతుంది. నెలకు రెండు శాతం కమీషన్ అంటే ఏడాదికి 24 శాతం. అసలు మాత్రం ఒక్క రూపాయి తరగదు. మరొకటి, ఒక వ్యక్తి ఏడాదిలో కార్డు బిల్లులకు 10 లక్షలు, లేదా నగదు రూపంలో లక్ష రూపాయలు కట్టినట్టయితే బ్యాంకు ఆ వివరాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. నెలకు 84,000 రూపాయలు తిప్పేవారు పది లక్షలు దాటేస్తారు. రిటర్నులో మూడు నాలుగు లక్షల ఆదాయం చూపే వ్యాపారికి అప్పుడు వచ్చే నోటీసుకు సమాధానం చెప్పడం కష్టం. వ్యాపారానికి పెట్టుబడి కావాలంటే బ్యాంకులో ముద్రా రుణానికి దరఖాస్తు పెట్టుకోండి.

ప్రశ్న: ఫోన్‌లో ఎవరో అడిగితే సరేనన్నందుకు ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ అంటూ కార్డు పంపారు. కవరు కూడా సరిగా విప్పలేదు. ఇప్పుడు ‘కార్డ్ ప్రొటెక్షన్’ పేరుతో బిల్లు వచ్చింది. వదిలించుకునేది ఎలా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ప్రొటెక్షన్ పథకానికి మీరు ఒప్పుకున్నట్టు రుజువు చూపమని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో అడిగితే ఆధారం మిగలదు. మీ సమ్మతి లేకుండానే కార్డు ఇచ్చి బిల్లు వేశారని తేలితే, ఆ సొమ్మును వెనక్కి ఇవ్వడంతో పాటు దానికి రెట్టింపు జరిమానాను సంస్థ మీకు చెల్లించాలి. అసలు జారీ చేసిన 30 రోజుల్లో యాక్టివేట్ చేయని కార్డుకు ఓటీపీతో మీ అంగీకారం తీసుకోవాలి. అది రాకపోతే ఏడు పనిదినాల్లో ఎలాంటి ఖర్చూ లేకుండా సంస్థే మూసివేయాలి.

అదే మెయిల్‌లో కార్డు రద్దు చేయమని కూడా రాయండి. బకాయి లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసివేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ నిబంధనను మెయిల్‌లో ప్రస్తావిస్తే పని త్వరగా కదులుతుంది. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం మీకు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాల కోసం 14448 నంబరుకు ఫోన్ చేయండి. కార్డు మూసినట్టు వచ్చే లేఖను జాగ్రత్త చేసి, రెండు మూడు నెలలు ఆగి సిబిల్ నివేదిక తెప్పించుకుని అందులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని నమోదైందో లేదో చూసుకోండి.