బానెట్ కోసే ముందు గాలి దారి చూడు

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

సకలేశపుర ఘాట్‌లో నీ జీపు ఫస్ట్ గేర్‌లో ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయిందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. వచ్చే శనివారం టింకరింగ్ షెడ్‌కు వెళ్లి బానెట్‌కు వెంట్లు, అంటే వేడి గాలి బయటికి పోయే కంతలు, కోయిస్తానన్నావు. ఒక్క వారం ఆగు నాన్నా. కోసిన రేకు మళ్లీ అతకదు.

ముందు ఇంజను వేడిని గాలికి వదిలే రేడియేటర్ సంగతి చూడు. పోయిన ట్రిప్పు బురద దాని రెక్కల మధ్య ఎండి ఉంటే ఎన్ని వెంట్లు పెట్టినా లాభం లేదు. లోపలి వైపు నుంచి, ప్రెషర్ తక్కువ పెట్టి నీళ్లు కొట్టి కడుగు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు పగిలిందేమో, ఫ్యాన్‌ను ఇంజనుతో పాటు తిప్పే ఫ్యాన్ క్లచ్ పట్టు వదిలిందేమో చూడు. రేడియేటర్ మూత కొత్తది వెయ్యి. మన బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజనును చల్లబరుస్తూ రేడియేటర్‌లో తిరిగే ద్రవం, అదే కూలెంట్, వంద దాటినా మరగకుండా ఉండేది ఆ మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే. మూత స్ప్రింగు సడలిందంటే మిగతావన్నీ బాగున్నా బండి పొంగుతుంది. ఇంజను వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకు.

ఇవన్నీ సరిచేశాక కూడా బానెట్ కింద గాలి ఉడికిపోతుంటే, అప్పుడు వెంట్ల మాట. వెంట్ చేసేది కూలెంట్‌ను నేరుగా చల్లార్చడం కాదు. రేడియేటర్ దాటి వచ్చిన వేడి గాలి బయటికి పోయే దారి ఇవ్వడం. రాళ్ల మీద మెల్లగా పాకేటప్పుడు, బండి ఆపిన తర్వాత, వేడి దానంతట అది పైకి లేస్తుంది కాబట్టి అక్కడ మేలు బాగా తెలుస్తుంది. వైర్లు, రబ్బరు పైపులు, బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతాయి.

ఎక్కడ కోయాలన్నదే అసలు ప్రశ్న. నేను ఇరవై ఏళ్ల కిందట చూడ్డానికి బాగుంటుందని నా జీపుకు ముందు అద్దం దగ్గరగా, బానెట్ వెనక భాగంలో కోయించాను. హిందూపురం రోడ్డెక్కి స్పీడు అందుకోగానే వేడి గాలి బయటికి పోవడం మానేసి, బయటి గాలే లోపలికి దూరింది. ఇంజను ఆయిల్ వాసన బండిలోకి కొట్టి మీ అత్తయ్యకు తలనొప్పి పట్టుకుంది. జీపు అద్దం గోడలా నిటారుగా ఉంటుంది కదా, ఎదురుగాలి దానికి కొట్టుకుని బానెట్ వెనక అంచు దగ్గర పోగవుతుంది. అక్కడ ప్రెషర్ ఎక్కువ. క్యాబిన్‌కు గాలి పీల్చే జాలీ కూడా చాలా బండ్లలో అక్కడే ఉంటుంది. బానెట్ వెనక కీళ్ల కింద వాషర్లు వేసి ఎత్తితే చాలు అని చెప్పేవాళ్ల మాట కూడా అందుకే వినకు.

రేడియేటర్‌కు, ఫ్యాన్‌కు కాస్త వెనగ్గా, బానెట్ ముందు సగంలో సాధారణంగా ప్రెషర్ తక్కువ. కానీ నీ బండిలో ఎక్కడో నువ్వే తేల్చుకో. సన్నని పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో వంచి రంగు నీళ్లు పోసి క్యాబిన్‌లో నిలబెట్టు. ఒక కొస బానెట్ కింద, ఇంకో కొస బానెట్ పైన టేపుతో అతికించు. గాలి నేరుగా గొట్టం నోట్లో కొట్టకుండా పక్కకు తిప్పి పెట్టు. ఊరి బయట నైస్ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో పోతుంటే పక్క సీటువాళ్లు నీళ్లు చూడాలి. పై కొస వైపు నీళ్లు లేచాయంటే అక్కడ ప్రెషర్ తక్కువ, గాలి బయటికి పోతుంది. నాలుగైదు చోట్ల చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టుకో.

కోసేది నీ అసలు బానెట్ కాదు. శివాజీనగర్ పాత సామాన్ల వీధుల్లో సెకండ్ హ్యాండ్‌ది వెతికి, అది కోయించు. బానెట్ అడుగున బలానికి ఉండే పట్టీలు తెగకూడదు, వాటి మధ్య రేకు మాత్రమే కోయాలి. అంచులు ఆకురాయితో నునుపు చేసి అప్పటికప్పుడే ప్రైమర్ పూయించు. వెంట్ అల్యూమినియంది అయితే ఇనుప రేకుకు నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు వేయించు, లేదంటే తడికి అక్కడే తుప్పు మొదలవుతుంది. సకలేశపుర వానలు నీకు తెలుసు కదా. బ్యాటరీ, ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్ మీద నీళ్లు పడని చోటే వెంట్ ఉండాలి, తప్పకపోతే కింద రేకు తట్ట పెట్టి పక్కకు గొట్టం తీయించు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీద ఆంక్షలు పెట్టింది. ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడుగు.

గొట్టం, రంగు నీళ్లు నా దగ్గరున్నాయి. ఆదివారం పొద్దున ఆరింటికి రా, ట్రాఫిక్ మొదలయ్యే లోపు చూసొద్దాం.

ప్రేమతో,
మామయ్య