హరిత విప్లవం గోదావరి చేలల్లో ఎలా మొదలైంది?

మీ ప్రశ్న: "హరిత విప్లవం అనగానే పంజాబ్, గోధుమలు అంటారు. అందులో మన తెలుగు రైతులు చేసింది ఏమైనా ఉందా? మీ ఇళ్లల్లో పెద్దవాళ్లెవరైనా చూశారా?"

ఉందండీ, చాలా ఉంది. మాది పశ్చిమ గోదావరిలో ఆచంట దగ్గర ఒక చిన్న ఊరు. ఐఆర్ 8 వరి మా చేలోకి వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. పెద్దవాళ్లు చెబితే విన్నది కొంత, కళ్లారా చూసింది కొంత కలిపి రాస్తున్నాను.

ఐఆర్ 8ని ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966 నవంబరులో విడుదల చేసింది. ఇండోనేషియా పొడుగు రకం పెటాని, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌ని కలిపి తీశారు. 1962లో అక్కడ చేసిన సంకరాల్లో అది ఎనిమిదోది కాబట్టి ఆ పేరు. దాని గొప్పతనమంతా పొట్టిదనంలోనే ఉంది. పాత రకాలకి యూరియా వేస్తే మనిషి ఎత్తు పెరిగి, వెన్ను బరువుకి చేను పడిపోయేది. ఇది నడుము ఎత్తు దాటదు, ఎంత ఎరువు వేసినా నిలబడుతుంది.

ఆ విత్తనాన్ని మన దేశంలో ముందుగా నమ్మి వేసినవాళ్లలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఒకరు. 1967 నాటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత ఆయనకి 'మిస్టర్ ఐఆర్ 8' అనే పేరు స్థిరపడిపోయింది. మా జిల్లావాళ్లే ఎందుకు ముందుకొచ్చారంటే ఒక కారణం ఉంది. 1960-61లో దేశం మొత్తం మీద ఏడు జిల్లాలతో ప్యాకేజీ ప్రోగ్రాం మొదలుపెడితే అందులో పశ్చిమ గోదావరి ఒకటి. ఎరువు, అప్పు, సలహా మూడూ కలిపి ఇచ్చేవాళ్లు. కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని కాలవ నీళ్లు 1852 నుంచీ ఉన్నాయి. అంటే నేల అప్పటికే సిద్ధంగా ఉంది, విత్తనమే తరవాయి.

మా తాతయ్య ఆచంట వైపు చేలు చూసొచ్చి, ఎవరికీ చెప్పకుండా చెరువు వెనక ముప్పై సెంట్ల మడిలో దాళ్వాకి, అంటే రబీ పంటకి, ఐఆర్ 8 ఊడ్పించాడు. రోడ్డు పక్కన వేస్తే పదిమందీ చూస్తారు, పోతే పరువు పోతుందని ఆయన భయం. కొబ్బరి తాడుకి జానెడేసి దూరంలో ఎర్రగుడ్డ పేలికలు కట్టి, ఆ గుర్తుల దగ్గర రెండు మూడు మొక్కలే పెట్టమనేవాడు. ఊడ్పుకొచ్చిన ఆడవాళ్లు అలవాటు కొద్దీ గుప్పెడేసి నారు పెట్టేసేవాళ్లు. "ఇలా తాడు పట్టుకుని నాటితే పొద్దుగూకేదాకా ఈ మడే అవదు బాబుగారూ" అని గొడవ. ఆ రోజు కూలి ఒకటిన్నర రెట్లు ఇచ్చాడని నానమ్మ చాలా ఏళ్లు చెప్పేది. వరసనాటు అని పుస్తకాల్లో ఒక్క మాటలో రాసేస్తారు గానీ, అది ఆ ఆడవాళ్ల నడుముల మీద నేర్చుకున్న పని.

నెల తిరిగినా చేను మోకాలు దాటలేదు. పక్క చేను మావయ్య గట్టు మీద నిలబడి, "వరి వేశావా బావా, గరిక పెంచుతున్నావా?" అన్నాడు. తాతయ్య మాట్లాడలేదు. సాయంత్రం ఒక దుబ్బు వేళ్లతో సహా పీకి తెచ్చి, అరుగు మీద పెట్టి, పిలకలు, అంటే వెన్ను తీసే కాడలు, నాతో లెక్కపెట్టించాడు. ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టమన్నాడు. అప్పుడూ ఇరవై రెండే. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని నానమ్మ అనేది.

కోతలయ్యాక ఆ ముప్పై సెంట్లకీ తొమ్మిది బస్తాలు దిగాయి. ఎకరానికి లెక్కేస్తే ముప్పై. అంతకుముందు మాకు పదిహేను, పదహారు వస్తే మంచి పంట అనుకునేవాళ్లం. కాటా తప్పు చూపిస్తోందేమోనని నాన్నని పిలిచి రెండోసారి తూయించాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది గానీ అసలు విషయం దీని తర్వాతే ఉంది.

ఆ ఏడు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఊరంతా ఐఆర్ 8 మీద పడ్డారు. మా బాబాయి డ్రైను పక్కన రెండెకరాలు వేశాడు. వానలకి చేలు వారం పైన మునిగే ఉన్నాయి. పొడుగు రకాలు తలలు బయటపెట్టి బతికాయి. పొట్టి వరి మాత్రం నీళ్లు తీసేసరికి కుళ్లి నేలకి అంటుకుపోయింది. బాబాయి గట్టు మీద కూర్చుని ఏడవడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. ఆ దెబ్బతో మా ఊళ్లో ఒక పద్ధతి వచ్చింది. ముంపు ఉండే సార్వాకి పాత పొడుగు రకాలు, కాలవ నీటితో పండే దాళ్వాకి ఐఆర్ 8. పాత రకాలు చాలావరకు పగటిపొద్దు తగ్గితే తప్ప ఈనవు, కాబట్టి దాళ్వాకి పనికిరావు. ఐఆర్ 8కి ఆ పట్టింపు లేదు, ఎప్పుడు వేసినా సుమారు 130 రోజుల్లో కోతకొస్తుంది. కొత్త విత్తనం దాళ్వాది అని మా ఊరివాళ్లకి ఎవరూ చెప్పలేదు, పంట పోగొట్టుకుని తెలుసుకున్నారు.

రెండో తీర్పు వంటింట్లో వచ్చింది. ఐఆర్ 8 అన్నం వేడిమీద పర్వాలేదు. చల్లారిందంటే గట్టిపడిపోయేది. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని చేలోకి వెళ్లే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. నానమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది అమ్ముకోవడానికి, తినడానికి వేరే పండించండి" అని తేల్చేసింది. అప్పటినుంచి మా ఇంట్లో రెండు పురులు ఉండేవి, ఒకటి మిల్లుకి, ఒకటి ఇంటికి. గడ్డి కూడా పొట్టిగా, గరుకుగా ఉండి గేదెలు సరిగ్గా తినేవి కావు. తర్వాత వరిని పీల్చేసే దోమపోటు పురుగు వచ్చింది, మందులు కొట్టడం వచ్చింది. నా చిన్నప్పుడు చేలో బోదెల్లో దొరికిన పీతలు, కొర్రమీనులు ఆ తర్వాత కనపడలేదు. దిగుబడి గురించి చెప్పేటప్పుడు ఇది దాచకూడదని నా అభిప్రాయం.

నానమ్మ అడిగిన తినే వరి ఎలా వచ్చిందో చెబితేనే మీ ప్రశ్నకి పూర్తి జవాబు. మలేషియా నుంచి మసూరి అనే రకం మన దేశానికి వచ్చింది. చేను పడిపోతోందని పరిశోధన కేంద్రాల్లో దాన్ని పక్కన పెట్టేశారు. ఆంధ్రాలో ఒక పొలం పనివాడు ఆ గింజలు తెచ్చి రైతులకి ఇస్తే, అక్కడినుంచి చేతులు మారి ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకిందని రైతుల ప్రయోగాల గురించి రాసిన శాస్త్రవేత్తలే నమోదు చేశారు. అతని పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

ఎందుకంటే ఆ మసూరి సంతానమే ఈ రోజు మనం తినే అన్నం. మా పక్కనే ఉన్న మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ట అనే వరి రకంతో మసూరిని కలిపి తీసిన ఎంటీయూ 7029ని 1982లో విడుదల చేశారు. అదే స్వర్ణ. బాపట్లలో 1986లో వచ్చిన బీపీటీ 5204, మనందరం సాంబ మసూరి అని పిలిచేది, దాని తల్లిదండ్రుల్లోనూ మసూరి ఉంది. స్వర్ణ వచ్చాక మా సార్వా కుదుటపడింది. ఎరువు తక్కువైనా పండుతుంది, అన్నం తినడానికి బాగుంటుంది. తర్వాత స్వర్ణకి ఒడిశా పాత రకం ఎఫ్ఆర్ 13ఏ నుంచి ముంపు తట్టుకునే గుణం ఎక్కించి, స్వర్ణ సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదల చేశారు. ఆ పని చేసింది ఐఆర్ 8ని ఇచ్చిన ఆ ఫిలిప్పీన్స్ సంస్థే. రెండు వారాలదాకా నీళ్లలో మునిగి ఉన్నా మళ్లీ చిగురేస్తుంది. బాబాయి అది చూడకుండానే పోయాడు.

ఐఆర్ 8 విత్తనం మా ఇంట్లో ఇప్పుడు లేదు. ఎర్రపేలికల తాడు మాత్రం చాలా ఏళ్లు కొట్టం వాసానికి వేలాడుతూ ఉండేది. మీకు ఆసక్తి ఉంటే మీ ఊళ్లో డెబ్భై దాటినవాళ్లని అడగండి. సార్వాకి ఏం వేసేవారు, దాళ్వాకి ఏం వేసేవారు, ఇంటికి ఏ బియ్యం ఉంచుకునేవారు, ఈ మూడూ విడివిడిగా అడగండి. మగవాళ్లు బస్తాల లెక్క చెబుతారు. మూడోదానికి జవాబు కావాలంటే వంటింట్లోకి వెళ్లి అడగాలి. ఊడ్పులకి వెళ్లిన ఆడవాళ్లు దొరికితే వాళ్లని తప్పకుండా అడగండి, పేర్లు కూడా రాసి పెట్టుకోండి.